గన్నవరం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: దూరమెంత, కాలమెంత

శ్రోతలకు నమస్కారం.

మా సత్యనారాయణపురంలో పక్కింటి పిన్నిగారు కిందటి శీతకాలంలో కూతురి పురిటికి అమెరికా ప్రయాణమవుతూ, టికెట్టు తెచ్చి నా చేతికిచ్చారు. ఢిల్లీలో సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరే విమానం అదే సోమవారం ఉదయం 6.30కి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతుందని అందులో ఉంది. "రెండున్నర గంటలకే అమెరికానా నాయనా? గన్నవరం నుంచి ఢిల్లీకే అంత పడుతుందిగా!" అన్నారామె. చాలా సరైన సందేహం అది.

టికెట్టు మీద వేసేది ఏ ఊరి సమయం ఆ ఊరిదే. చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం మనకంటే 13 గంటల 30 నిమిషాలు వెనక ఉంటుంది. ఆ తేడాను కలిపితే, ఆమె గాలిలో గడపవలసింది 16 గంటలని తేలుతుంది.

మరి దూరం సంగతి? వాళ్ళ మనవడి బల్ల మీదున్న గ్లోబు తెచ్చి, పూలు కట్టే దారం ఒక కొస ఢిల్లీ దగ్గర అదిమిపెట్టి, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో వైపు బిగించి లాగాను. గోడ మీది పటం చూసి, దారం జపాను మీదుగా పసిఫిక్ సముద్రం దాటుతుందని పిన్నిగారు అనుకున్నారు. అది మాత్రం జారి జారి పైకి పోయి, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి చేరువగా మంచు సముద్రం మీద నిలిచింది. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల అదే దగ్గరి దారి, సుమారు 12,400 కిలోమీటర్లు.

అయితే దగ్గరి దారిలోనే త్వరగా చేరతామన్న నియమం లేదు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని, అంతవరకు నడిపిన అట్లాంటిక్ దారి మాని, పసిఫిక్ మీదుగా తూర్పుకు పంపింది. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగినా, ప్రయాణం పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది, అంటే మునుపటికంటే దాదాపు రెండు గంటలు ముందే. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి, కృష్ణలో ప్రవాహం వాలున సాగే పడవను నీరు తోసినట్లు, విమానాన్ని వెనకనుంచి తోసింది. ఈ గాలి చలికాలంలో మరింత ఉద్ధృతంగా ఉంటుంది. భూమి తూర్పుకు తిరుగుతోంది గనుక పడమటికి పోయే విమానానికి ఊరు తానే ఎదురొస్తుందని కొందరంటారు గాని, భూమితోపాటు గాలీ తిరుగుతుంది కాబట్టి అది నిజం కాదు.

తిరుగు ప్రయాణంలో లెక్క తలకిందులవుతుంది. అక్కడ సోమవారం ఉదయం 10 గంటలకు ఎక్కి, అదే 16 గంటలు ప్రయాణించినా, ఢిల్లీలో దిగేది మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకు.

ఇదంతా విని, పిన్నిగారు టికెట్టు వెనుక పెన్సిలుతో "అక్కడ దిగేసరికి బెజవాడలో సోమవారం రాత్రి 8" అని రాసుకున్నారు. ఆ వేళ దాకా ఫోను కోసం ఎదురుచూడవద్దని బాబాయిగారికి చెప్పి మరీ బయలుదేరారు.