కోఠిలో దొరికే సామాన్లతో పీపీహెచ్ ట్రైనింగ్ మోడల్

నమస్తే అండి. కాన్పయ్యాక బ్లీడింగ్ ఆగకపోతే, అంటే పీపీహెచ్ అయితే, ఏం చెయ్యాలో సిస్టర్స్‌కి, ఏఎన్ఎంలకి నేర్పే మోడల్ తక్కువ ఖర్చులో ఎలా చెయ్యొచ్చో ఈరోజు చూద్దాం.

ముందు లోపల జరిగేది అర్థం కావాలి. మాయ పడ్డాక గర్భసంచి గట్టిగా బిగుసుకోవాలి, ఆ కండరం బిగిస్తేనే మాయ ఊడిన చోట రక్తనాళాలు నొక్కుకుపోయి బ్లీడింగ్ ఆగుతుంది, అదే మెత్తగా ఉండిపోయిందా, తల్లి ప్రాణం మీదకి వచ్చేస్తుంది. పీహెచ్‌సీలో నైట్ డ్యూటీ సిస్టర్ చెయ్యి ఆ మెత్తదనాన్ని పట్టేయాలి, గోడ మీద చార్ట్ చదివితే అది రాదు.

మోడల్ అనగానే సిలికాన్ బొమ్మ, ముఖం, జుట్టు అన్నీ ఉండాలనుకుంటారు, డబ్బంతా అక్కడే అయిపోతుంది. నేను చెప్పేది ఒకటే, చెయ్యి తగిలే చోట ఖర్చు పెట్టండి, మిగతాది వదిలేయండి. 1759లో ఫ్రాన్స్ రాజు మదాం దు కుద్రే అనే మంత్రసానిని ఊరూరా తిరిగి కాన్పులు నేర్పమన్నప్పుడు ఆవిడ వాడింది గుడ్డ, తోలుతో కుట్టిన బొమ్మే. ఇప్పటి లేర్డాల్ కంపెనీ వాళ్ల మామానటాలీ అనే కాన్పు మోడల్ కూడా ట్రైనర్ నడుముకి కట్టుకునేదే, తల్లిగా ట్రైనరే మాట్లాడతారు, మూలుగుతారు.

(క్లోజప్: బల్బు, బ్లాడర్)

ఇది బీపీ మిషన్ బల్బు, కోఠి మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. దీనికి చిన్న రబ్బర్ బ్లాడర్ తగిలించి, చుట్టూ స్పాంజ్ చుట్టి, రెగ్జిన్ బెల్ట్‌లో పెట్టి కుట్టించాలి. బల్బు ట్రైనర్ పిడికిట్లో ఉంటుంది. సిస్టర్ బొడ్డు దగ్గర సరైన చోట పట్టుకుని మసాజ్ చేస్తేనే ట్రైనర్ గాలి కొడతారు, అప్పుడు చేతి కింద అది గట్టిపడుతుంది, మధ్యలో ఆపేస్తే గాలి వదిలేస్తారు, మళ్లీ మెత్తబడిపోతుంది. తప్పా ఒప్పా అని ఎవరూ చెప్పక్కర్లేదు.

రక్తం కోసం రెండు లీటర్ల యూరిన్ బ్యాగ్‌లో ఫుడ్ కలర్ కలిపిన నీళ్లు. బ్యాగ్ మీద గీతలుంటాయి కాబట్టి ఎంత పోయిందో మనకి తెలుసు, సిస్టర్‌కి తెలీదు. 500 ఎంఎల్ గుడ్డల మీద పోనిచ్చి ఎంతో చెప్పమనండి, చాలామంది తక్కువే చెప్తారు, లేబర్ రూమ్‌లో జరిగేదీ ఇదే, అందుకే ట్రీట్‌మెంట్ లేటవుతుంది. కెన్యా, నైజీరియా, సౌతాఫ్రికా, టాంజానియాల్లో చేసిన ఈ-మోటివ్ స్టడీ 2023లో వచ్చింది, గీతలున్న డ్రేప్‌తో, అంటే తల్లి కింద పరిచి రక్తం పట్టే ప్లాస్టిక్ షీట్‌తో, రక్తం కొలిచి, మసాజ్, గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్, బ్లీడింగ్ తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్ అన్నీ వెంటవెంటనే మొదలుపెడితే తీవ్రమైన బ్లీడింగ్ సుమారు 60 శాతం తగ్గింది. కాబట్టి మోడల్‌తో పాటు కొలిచే డ్రేప్ కూడా పెట్టండి ప్లీజ్.

ఇంకోటి, ఫైనల్ కుట్టు వేయించే ముందు కాన్పులు బాగా చేసిన సీనియర్ సిస్టర్‌నో గైనిక్ డాక్టర్‌నో కళ్లు మూసుకుని పట్టి చూడమనండి. "ఇంకా మెత్తగా ఉండాలి" అంటే స్పాంజ్ మార్చాల్సిందే, మనకి నచ్చిందా లేదా అన్నది లెక్కలోకి రాదు.

పార్ట్ ఏది పాడైనా ఆదిలాబాద్‌లో అయినా దొరికేదై ఉండాలి. తయారయ్యాక దయచేసి బీరువాలో తాళం వేసి పెట్టకండి, లేబర్ రూమ్‌లోనే ఉంచితే డ్యూటీ మారేటప్పుడు ఇద్దరు సిస్టర్స్ ఐదు నిమిషాలు ప్రాక్టీస్ చేసుకుంటారు.