పొమ్మనలేక పొగబెట్టకండి: అద్దె ఇంట్లో గబ్బిలాలు

[స్క్రీన్ మీద: పెంకుటింటి చూరు, దాని కింద గోడ మీద గోధుమరంగు మరక]

నమస్కారమండీ. "అద్దెకుంటున్న ఇంటి సీలింగులో గబ్బిలాలు చేరాయి, ఏ మందు పెట్టాలి?" అని మళ్ళీ ఒకరు అడిగారు. మందు! ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మందు పెట్టేది ఎలుకలకి. గబ్బిలం ఎలుక కాదు, రెక్కలొచ్చిన ఎలుక అంతకన్నా కాదు. వైరు కొరకదు, చెక్క కొరకదు, చెత్తాచెదారం తెచ్చి గూడు కట్టదు, బియ్యం డబ్బా జోలికి రాదు. కాన్పుకి ఒక పిల్ల, మహా అయితే రెండు. ఈ పొరపాటు మన చట్టమే చేసింది లెండి. 1972 వన్యప్రాణి చట్టం ఐదో షెడ్యూలులో, అంటే హాని చేసే జంతువుల జాబితాలో, పళ్ళు తినే గబ్బిలాలను కాకులతో, ఎలుకలతో కలిపి కట్టేశారు. 2022 సవరణతో ఆ షెడ్యూలే పోయింది. మన బుర్రలోంచి మాత్రం పోలేదు.

గబ్బిలాలను ఇలా చూడండి. మీ ఇంటి పై వాటాలో, ఓనరుకి చెప్పకుండా, అడ్వాన్సు ఇవ్వకుండా, ఇంకో కుటుంబం దిగింది. అందరివీ నైట్ డ్యూటీలే. పొద్దుగూకగానే పనికి వెళ్తారు, తెల్లారేలోపు వచ్చి పడుకుంటారు. ఇంట్లో వంట లేదు, దోమలూ పురుగులూ బయటే తినేసి వస్తారు. బాత్రూమ్ మాత్రం మీ సీలింగే. అసలు గొడవంతా అక్కడే.

ముందు నిజంగా గబ్బిలాలేనా అన్నది చూసుకోండి. చూరు కింద రాలిన రెట్ట బియ్యపు గింజంత, నల్లగా ఉంటుంది. ఎలుక పెంటికలూ చూడటానికి అలాగే ఉంటాయి. చేతికి గ్లౌజు, ముక్కుకి మాస్కు పెట్టుకుని, ఒకదాన్ని తడి కాగితంలో పెట్టి పుల్లతో నొక్కండి. గబ్బిలానిదైతే ఇట్టే చిదిమిపోతుంది, లోపల పురుగుల రెక్కల ముక్కలు తళుక్కుమంటాయి. ఎలుకది అలా విడిపోదు, సాగుతుంది.

[స్క్రీన్ మీద: పోర్టికో గోడ, ఎర్రటి ఉమ్ము మరకలు, కింద బాదం గింజలు]

అపార్టుమెంట్ల వాళ్ళు పంపే ఫోటోలు ఎక్కువగా ఇవే. నమిలి పారేసిన బాదం కాయలు, జామ గింజలు, గోడ నిండా మరకలు. ఇతను అద్దెకు దిగినవాడు కాదండీ. చెట్టు మీద కాయ తెంపుకుని, మీ అరుగు మీద కూర్చుని టిఫిన్ చేసి పోయే బాటసారి. పండ్లు తినే చిన్న గబ్బిలం. రాత్రి వేలాడే ఆ మూలకి వల కట్టండి, చాలు. ఇక కేరళలో 2018లో నిపా వచ్చినప్పటినుంచి అందరికీ ఒకటే భయం. ఆ వైరస్‌తో ముడిపడింది మర్రిచెట్లకీ చింతచెట్లకీ గుంపులుగా వేలాడే పెద్ద గబ్బిలాలు. పెంకుల సందులో దూరే, పురుగులు తినే బుడ్డ గబ్బిలాలు వేరే జాతి.

సరే, ఖాళీ చేయించడం ఎలా? జనం మొదట చేసేది మిరపకాయల పొగ. పొమ్మనలేక పొగబెట్టినట్టు అంటాం కదా, ఇక్కడ అక్షరాలా అదే. పట్టపగలు నిద్రలో ఉన్న కుటుంబానికి ఊపిరాడకపోతే ఎటు పోతారు? కొందరు వీధిలోకి, మిగతావాళ్ళు మెట్లు దిగి మీ హాల్లోకి. పైగా ఎండిన వాసాల కింద నిప్పు! కలరా ఉండలు చల్లితే ఆ ఘాటు మీ పిల్లల ముక్కుల్లోకి దిగుతుంది. చెవికి వినపడని శబ్దం చేసే మిషన్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, వాటి మీద డబ్బు తగలెయ్యకండి. శాంతి చేయించుకుంటారా, మీ ఇష్టం. చూరులో కన్నం మాత్రం అలాగే ఉంటుంది.

చెయ్యాల్సింది ఒక్కటే. బయటికి వెళ్ళే దారి ఉంచాలి, లోపలికొచ్చే దారి మూసెయ్యాలి.

సూర్యాస్తమయానికి కాస్త ముందే ఇంటి ముందొకరు, వెనకొకరు కుర్చీ వేసుకుని కూర్చోండి. ఫోన్ చూడకండి, చూరు చూడండి. ముందు కిచకిచలు వినపడతాయి. తర్వాత ఒక సందులోంచి ఒకటి జారి పడ్డట్టు పడి ఎగిరిపోతుంది, వెనకే ఇంకోటి. ఆ సందు చుట్టూ నూనె చెయ్యి రుద్దినట్టు జిడ్డు మరక ఉంటుంది. అదే వాళ్ళ వీధి గుమ్మం. బొటనవేలు పట్టని సందు కూడా వాళ్ళకి సింహద్వారమే, కాబట్టి చిన్నది కదా అని వదిలెయ్యకండి.

ఆ గుమ్మం తప్ప మిగతా సందులన్నీ ముందే మూసేయించండి. గుమ్మానికి మాత్రం సన్నని ప్లాస్టిక్ దోమల మెష్ కట్టాలి. పైనా రెండు పక్కలా బిగించి, కింద వదులుగా, సందు కిందికి రెండడుగులు వేలాడేలా వదలండి. వాళ్ళు గోడ పట్టుకుని కిందికి పాకి బయటపడతారు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం వాసన పట్టి నేరుగా ఆ సందు దగ్గరికే వస్తారు, మెష్ అడ్డం తగులుతుంది. కిందికి దిగి దూరాలన్న ఆలోచన తట్టదు. తాళం చెవి ఉంది, తాళం మారిపోయింది. వారం రోజులు అలాగే ఉంచి, సాయంత్రం ఒక్కటీ బయటికి రావడం లేదని తేలాక మెష్ తీసి సిమెంటుతో మూసెయ్యండి.

బాలింతలున్న ఇంట్లో సామాన్లు బయట పడేస్తామా? ఇక్కడా అంతే. మన వైపు చాలా రకాలు ఎండాకాలం చివర, వానలు మొదలయ్యే రోజుల్లో ఈనుతాయి. అప్పుడు మెష్ కడితే తల్లి బయట, ఎగరలేని పిల్ల లోపల. అది చచ్చి వచ్చే కంపు మీ సీలింగులోంచే వస్తుంది. పెద్దవి వెళ్ళిపోయాక కూడా లోపల సన్నగా అరుపులు వినిపిస్తుంటే ఆగండి. ఐదారు వారాల్లో పిల్లలకి రెక్కలొస్తాయి. చలికాలం తగ్గాక, ఎండలు ముదరకముందు చేస్తే మేలు.

టైమ్ అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తా.

గదిలోకి వచ్చేస్తే ముందు ఫ్యాను ఆపండి. చీపురు తియ్యకండి. లోపలి తలుపు మూసి, కిటికీలు బార్లా తెరిచి, లైటు ఆర్పి బయటికి రండి, దారి వెతుక్కుని అదే పోతుంది. కింద పడితే ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. డబ్బా బోర్లించి, కింద అట్ట దూర్చి, ఎత్తైన గోడ మీద వదలండి, నేల మీంచి లేవడం చాలావాటికి కష్టం. కరిచినా గీరినా, గాయాన్ని పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రేబిస్ విషయంలో "చిన్న గాటే కదా" కుదరదు.

రెట్ట పొడిగా ఊడవకండి. ఆ దుమ్ములో ఊపిరితిత్తులకి పట్టే ఫంగస్ ఉండొచ్చు. నీళ్ళు చిలకరించి, ఎన్95 మాస్కు వేసుకుని, తడిగా ఎత్తండి. బోలెడంత పేరుకుంటే మనిషిని పెట్టించండి.

ఆ మనిషి డబ్బులెవరివి? ఆస్తి బదిలీ చట్టం, 1882, 108వ సెక్షన్. అగ్రిమెంటులో వేరేగా రాసుకోకపోతే, పైకి కనపడని పెద్ద లోపం తనకి తెలిసుంటే ఓనరు ముందే చెప్పాలి. పగలు ఇల్లు చూడ్డానికి వెళ్ళినవాడికి నైట్ డ్యూటీ కుటుంబం ఎలా కనపడుతుంది చెప్పండి? తను చేయించాల్సిన రిపేరు, నోటీసు ఇచ్చాక కూడా చేయించకపోతే మీరే చేయించి అద్దెలో పట్టుకోవచ్చు. అందుకే అగ్రిమెంటులో రిపేర్లు ఎవరివని రాశారో ముందు చదవండి. ఓనరుతో ఫోన్లో పోట్లాట వద్దు. మరక ఫోటో, సాయంత్రం తీసిన వీడియో, మేస్త్రీ చెప్పిన రేటు, మూడూ కలిపి వాట్సాప్‌లో పెట్టి, "అంకుల్, చూరు మూయించాలి, ఎప్పుడు పంపిస్తారు?" అని రాయండి. జవాబు వచ్చినా రాకపోయినా ఆ మెసేజ్ డిలీట్ చెయ్యకండి.