మీరు ఆదివారం రాకపోతే ఎవరికి తెలుస్తుంది?

[తెర మీద: ఆరాధన ముగిసిన హాలు. జనం మాట్లాడుకుంటూ గుమ్మం వైపు కదులుతున్నారు.]

వ్యాఖ్యాత:
అందరికీ వందనాలు. ఒక విశ్వాసి వరుసగా రెండు ఆదివారాలు ఆరాధనకు రాలేదనుకోండి. ఆ సంగతి మీ సంఘంలో ముందుగా ఎవరు గమనిస్తారు? క్వయర్‌లో పాడే మనిషైతే వెంటనే తెలిసిపోతుంది, మైక్ ఖాళీగా కనబడుతుంది కాబట్టి. మరి వెనక వరుసలో కూర్చుని, ఆశీర్వాదం కాగానే చెప్పులు వేసుకుని వెళ్లిపోయే మనిషైతే?

సంఘంలో సహవాసం పెరగాలి అనగానే కమిటీలకు తట్టేది ఇంకో కార్యక్రమం. రిట్రీట్ పెడదాం, యూత్ మీటింగ్ పెడదాం అంటారు. పెట్టండి, తప్పేం లేదు. కానీ సంఘం ఎంత దగ్గరగా ఉందో తెలుసుకోవాలంటే నేను మాత్రం రానివాళ్ల సంగతే అడుగుతాను.

[తెర మీద: మ్యాప్‌లో రోమ్. కింద "సుమారు క్రీ.శ. 155"]

రోమ్‌లో జస్టిన్ అనే క్రైస్తవ బోధకుడు చక్రవర్తికి ఒక విన్నపం రాశాడు. క్రైస్తవులు ఆదివారం కూడుకుని ఏం చేస్తారో అందులో వరసగా చెప్పుకొచ్చాడు. లేఖనాలు చదువుతారు, ప్రసంగం వింటారు, అందరూ లేచి ప్రార్థన చేస్తారు, రొట్టె, ద్రాక్షారసం పంచుకుంటారు. ఇదంతా మనకు తెలిసిందే. ఆ వెంటనే ఇంకో మాట అన్నాడు: రాలేకపోయినవాళ్ల భాగాన్ని పరిచారకులు వాళ్ల దగ్గరికి తీసుకెళ్తారు.

తీసుకెళ్లాలంటే ఎవరు రాలేదో తెలియాలి, వాళ్ల ఇల్లు తెలియాలి. ఆరోజు పోగైన కానుక కూడా అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, చెరలో ఉన్నవాళ్లకు, పరదేశులకు వెళ్లేదట. ఆరాధన ఒక డిపార్ట్‌మెంటు, పరామర్శ ఇంకో డిపార్ట్‌మెంటు అనే ఆలోచనే వాళ్లకు లేదు.

[తెర మీద: బైబిల్ తెరిచి ఉంది, 1 కొరింథీయులకు 11వ అధ్యాయం]

దానికి ఓ వందేళ్ల ముందు గ్రీసులోని కొరింథు సంఘంలో కథ వేరుగా ఉంది. ప్రభువు రాత్రి భోజనానికని కూడి వచ్చి, ఉన్నవాళ్లు ఎవరి భోజనం వాళ్లు ముందే కానిచ్చేవారు. ఒకరు ఆకలితో ఉంటే ఇంకొకరు మత్తులో ఉన్నారు. అపొస్తలుడైన పౌలు ఉత్తరంలో గట్టిగానే మందలించాడు గానీ, ఆఖరున చెప్పిన పని చాలా చిన్నది: ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండండి.

[తెర మీద: పాత కాలపు చెక్కడం బొమ్మలా గీసిన ప్రార్థన మందిరం. "బ్రిస్టల్, 1742"]

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ. ఇది ఆత్మీయ ఉజ్జీవంతో కాదు, అప్పుతో మొదలైంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన బోధకుడు జాన్ వెస్లీ మనుషులు కట్టుకున్న మందిరానికి అప్పు మిగిలిపోయింది. ఎలా తీర్చాలని కూర్చున్నప్పుడు ఒకాయన లేచి, తీరేదాకా తలా వారానికో పెన్నీ (అక్కడి చిన్న నాణెం) వేద్దాం అన్నాడు. చాలామంది పేదవాళ్లు, వాళ్లెక్కడ తెస్తారు అని ఇంకొకరు అడ్డుపడ్డారు. దానికి ఆయన జవాబు చూడండి. బాగా పేదవాళ్లను పదకొండు మందిని నాకు అప్పగించండి, ప్రతి వారం వెళ్లి అడుగుతాను, ఇస్తే సరే, ఇవ్వలేకపోతే వాళ్ల తరఫున నేనే వేస్తాను అన్నాడు.

అలా సంఘాన్ని సుమారు పన్నెండు మంది చొప్పున విడదీసి, ఒక్కో గుంపుకు ఒక నాయకుణ్ణి పెట్టారు. వాళ్లు పెన్నీల కోసం ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టారు. తిరిగితే ఏం కనబడుతుంది? ఒక ఇంట్లో భార్యాభర్తల గొడవ, ఇంకో ఇంట్లో తాగి పడి ఉన్న మనిషి. ఆదివారం బట్టల్లో కనబడని సంగతులు వారం మధ్యలో కనబడ్డాయి. మనకు ఇన్నాళ్లూ కావలసింది ఇదే కదా అని వెస్లీకి అర్థమైంది. అప్పటినుంచి డబ్బుతో పాటు మనుషుల యోగక్షేమాలు కూడా అడగమన్నాడు. ఇల్లిల్లూ తిరగడం కష్టమయ్యాక ఆ పన్నెండు మందే వారానికోసారి ఒకచోట కూర్చోవడం మొదలైంది. వాటికే క్లాస్ మీటింగులని పేరు.

[తెర మీద: ఒక గది. గుండ్రంగా కూర్చున్న ఎనిమిది మంది. ఒకరి ఒళ్లో నోట్‌బుక్.]

మన దగ్గర సెల్ గ్రూపులు, గృహ కూడికలు లేవా అంటే ఉన్నాయి. చాలాచోట్ల అవి ఆదివారం ఆరాధనకు చిన్న సైజు కాపీలు: రెండు పాటలు, ఒక వాక్యం, ముగింపు ప్రార్థన. మధ్యలో నాయకుడు "అందరూ బాగున్నారా?" అంటాడు. "దేవుని కృప వల్ల బాగున్నామండి" అని అందరూ ఒకే గొంతుతో అంటారు. అంతే.

ప్రశ్న మార్చి చూడండి. "ఈ వారం నిద్ర పట్టని రాత్రి ఏమైనా ఉందా?" అని అడగండి. మొదట ఎవరూ మాట్లాడరు. కంగారుపడి పాట ఎత్తుకోకండి, కాసేపు ఆగండి. "మావాడు నాలుగు నెలలుగా ఫోన్ ఎత్తడం లేదండి" అని ఒకరంటారు. దాన్ని నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోండి. వచ్చేవారం కూడిక ఆ పేజీతోనే మొదలవ్వాలి: "అక్కా, మీవాడు మాట్లాడాడా?" పోయినవారం చెప్పుకున్న బాధను ఈ వారం ఎవరో గుర్తుపెట్టుకుని అడిగారంటే, ఆ మనిషి ఇక ఆ గుంపును వదిలిపెట్టడం కష్టం.

ఎవరైనా రాకపోతే ఆ సాయంత్రమే ఫోన్ వెళ్లాలి. "ఎందుకు రాలేదు?" అంటే హాజరు వేసినట్టుంటుంది. "కనబడలేదు, ఒంట్లో బాగుందా?" అనండి. గ్రూపులో "ప్రైజ్ ద లార్డ్" అని పూల బొమ్మ ఫార్వర్డ్ చేయడం ఇందులోకి రాదు!

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. మన సంఘాల్లో సగం పుకార్లు ప్రార్థన అంశాల వేషంలోనే తిరుగుతాయి. "ఫలానా వాళ్లింటి కోసం ప్రార్థించండి, పాపం, ఏం జరిగిందంటే..." ఒక్కసారి అలా బయటికి పొక్కిందా, ఇక ఆ గుంపులో అందరూ మళ్లీ కృప వల్ల బాగుంటారు. చెప్పినవాళ్ల అనుమతి లేకుండా వాళ్ల మాట గది దాటకూడదు, ప్రసంగ వేదిక మీదికి అసలే రాకూడదు. ఈ విషయంలో పాస్టర్ గారికి కూడా మినహాయింపు వద్దు. అయితే ఎవరి ప్రాణానికైనా, పిల్లలకైనా హాని ఉందని తెలిస్తే దాచకూడదు. సాయం చేయగలిగిన వాళ్లకు చెప్పి తీరాలి. ఈ సంగతి మొదటి కూడికలోనే అందరికీ చెప్పేయండి.

పాటల గురించి ఒక్క మాట. కొలొస్సయులకు 3:16లో ఒకరికొకరు బోధించుకుంటూ, బుద్ధి చెప్పుకుంటూ పాడమని ఉంది. కీబోర్డు హోరులో పక్కవాళ్ల గొంతే వినబడకపోతే అది ఎలా కుదురుతుంది? శ్రుతి కాస్త దించండి, ఒక చరణమైనా వాయిద్యాలు ఆపి పాడించండి.

[తెర మీద: ఏడు పేర్లు ఒక్కొక్కటిగా వస్తాయి]

చివరగా అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం. యెరూషలేము సంఘంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను రోజువారీ పంపకంలో పట్టించుకోవడం లేదని సణుగు పుట్టింది. అన్నీ ఉమ్మడిగా పెట్టుకున్న సంఘంలో కూడా కొందరు లెక్కలోకి రాలేదు. దగ్గరితనం ఉన్నచోట సాధారణంగా జరిగేది ఇదే, లోపలివాళ్లు ఒకరికొకరు దగ్గరై మిగతావాళ్లకు వీపు చూపిస్తారు. అపొస్తలులు సణిగినవాళ్లను గద్దించలేదు. ఆ పంపకం చూసుకోవడానికి ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే.

మీ సంఘంలో "మమ్మల్ని ఎవరూ పిలవరు" అనే మాట ఏ వరుస నుంచి వస్తోందో సంఘపెద్దలకు తెలిసే ఉంటుంది. కొత్త గుంపులకు నాయకులను వెతికేటప్పుడు ముందు ఆ వరుసలోనే అడగండి.