మంచివాళ్లు వ్యాపారానికి పనికిరారా?

హోస్ట్: నమస్కారం. గుంటూరులో చిన్న వ్యాపారుల లెక్కలు చూసే ఆడిటర్ గారు ఈ వారం మనతో ఉన్నారు. సార్, సూటిగా అడిగేస్తాను. "వాడు మరీ మెత్తన, వ్యాపారం వాడి వల్ల కాదు" అంటుంటారు కదా, నిజమేనా?

అతిథి: ఎక్కువగా కొడుకు గురించి తండ్రి అనే మాటమ్మా అది. నేను ఒప్పుకోను. మెత్తగా ఉండి మునిగినవాళ్లు లేరని కాదు. కానీ వాళ్ల పుస్తకాలు తిరగేస్తే నాకు కనిపించేది దయ కాదు, మొహమాటం. బాకీ గట్టిగా అడగలేరు. సరుకు ధర పెరిగిందని చెప్పలేరు. పని చేతకాని చుట్టాన్ని పొమ్మనలేరు. ఇందులో ఎదుటివాడికి జరిగే మేలేముంది? నన్నేమనుకుంటారో అన్న భయం తప్ప.

హోస్ట్: కానీ తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అని పెద్దవాళ్లే అన్నారు కదా సార్.

అతిథి: సరిగ్గానే అన్నారు. చెయ్యాలనుకున్న మంచికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందే లెక్క వేసుకోవాలి. ఆ లెక్క ఎంత గొప్పగా వెయ్యొచ్చో తెలియాలంటే మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రిని చూడాలి. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారు ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, 1976లో 11 మంచాలతో మొదలుపెట్టారు. వయసులో ఉండగానే కీళ్లవాతం వచ్చి ఆయన వేళ్లు వంకర తిరిగిపోయాయి. ఆ వేళ్లతోనే కత్తి పట్టడం మళ్లీ నేర్చుకుని, జీవితంలో లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు. ఆసుపత్రి కోసం ఇల్లు తాకట్టు పెట్టారు, ఇంట్లోవాళ్ల నగలు కూడా కుదువకు వెళ్లాయి.

హోస్ట్: అంత మంచి మనసున్న మనిషి. మరి ఆసుపత్రి నిలబడింది ఆ మనసు వల్లేనా?

అతిథి: మనసు ఒక్కటే అయితే రెండేళ్లలో మూతపడేది. ఆపరేషన్ థియేటర్‌లో చూడండి. రెండు బల్లలు పక్కపక్కనే ఉంటాయి. డాక్టర్ ఒక బల్ల మీద శుక్లం తీస్తుండగానే, రెండో బల్ల మీద తర్వాతి పేషెంట్‌ని నర్సులు సిద్ధం చేసేస్తారు. ఇక్కడ పని అవగానే మైక్రోస్కోప్ అటు తిప్పుకుని డాక్టర్ రెండో ఆపరేషన్ మొదలుపెడతారు. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలకు అక్కడే శిక్షణ ఇస్తారు. కళ్లు పరీక్ష చెయ్యడం, పేషెంట్‌ని తయారు చెయ్యడం, డాక్టరే చెయ్యనక్కర్లేని పనులన్నీ వాళ్లవే. దాంతో ఒక్కో ఆపరేషన్‌కి అయ్యే ఖర్చు బాగా తగ్గుతుంది. ఇచ్చుకోగలిగినవాళ్లు డబ్బు కడతారు, ఆ మిగులుతో ఇచ్చుకోలేనివాళ్లకు ఉచితంగా చేస్తారు.

హోస్ట్: ఇది ఫ్యాక్టరీ పద్ధతిలా ఉంది సార్. నిజం చెప్పాలంటే వింటుంటే కొంచెం ఇబ్బందిగా ఉంది. పేదవాళ్లని వరసలో పడుకోబెట్టి…

అతిథి: మీ ఇబ్బంది నాకు అర్థమైంది. కానీ ఆపరేషన్ అందక చీకట్లో కూర్చున్నవాడి వైపు నుంచి చూడండి. వాడికి కావలసింది తొందరగా, శుభ్రంగా చూపు రావడం. ఇంకో సంగతి చెబుతాను. పల్లెల్లో క్యాంపులు పెట్టి, శుక్లం ఉంది, ఉచితంగా తీస్తాం రండి అంటే మొదట్లో చాలామంది రాలేదు. ఉచితమైనా ఎందుకు రారు? బస్సు చార్జీలు కావాలి. తోడు మనిషి కావాలి, వాళ్ల కూలి పోతుంది. పట్నంలో తిండి ఎలా అన్న దిగులు. అందుకని క్యాంపు దగ్గరి నుంచే బస్సులో తీసుకెళ్లి, భోజనం పెట్టి, మళ్లీ ఊళ్లో దింపే ఏర్పాటు చేశారు. చూశారా, ఇక్కడ పనిచేసింది దయే. అవతలి మనిషి ఇంట్లో ఏం జరుగుతోందో పట్టించుకోనివాడు, ఈ జనానికి ఆరోగ్యం మీద శ్రద్ధ లేదు అని తేల్చేసేవాడు.

హోస్ట్: అంటే మామూలు వ్యాపార భాషలో కస్టమర్‌ని అర్థం చేసుకోవడమే.

అతిథి: అదే. అక్కడితో ఆగలేదు. కంట్లో పెట్టే లెన్స్ అప్పట్లో విదేశాల నుంచి రావాలి, పేదవాడికి అందని ధర. 1992లో ఆరోల్యాబ్ అని సొంతంగా తయారీ పెట్టి, ఆ ధరని ఎన్నో రెట్లు దించేశారు. మన దగ్గరా ఇలాంటి కథ ఉంది, శాంతా బయోటెక్నిక్స్.

హోస్ట్: హెపటైటిస్ బి వ్యాక్సిన్.

అతిథి: అవును. వరప్రసాద్ రెడ్డి గారు చదివింది ఎలక్ట్రానిక్స్. 1993లో హైదరాబాద్‌లో తల్లి పేరు మీద కంపెనీ పెట్టారు. 1997లో వ్యాక్సిన్ వచ్చింది. అంతకుముందు దిగుమతి వ్యాక్సిన్ డోసు వందల రూపాయలు, మామూలు కుటుంబం పిల్లలకు వేయించే మాటే లేదు. తర్వాత ధర 50 రూపాయల దాకా దిగింది. అందరికీ అందాలి అన్న పట్టుదల వల్లే, కొనేవాళ్లే లేరనుకున్న చోట మార్కెట్ పుట్టింది.

హోస్ట్: మరి మనిషి స్వభావం? యజమాని నవ్వుతూ, తియ్యగా మాట్లాడుతూ ఉండాలా?

అతిథి: అక్కర్లేదమ్మా. వెంకటస్వామి గారు పని విషయంలో చాలా కఠినం. చెల్లెలు డాక్టర్ నాచియార్, ఆవిడ భర్త డాక్టర్ నంపెరుమాళ్‌సామి తక్కువ జీతానికి చాలా గంటలు పనిచేశారు. దాన్ని నేను అందరూ పాటించాలని చెప్పను. ఇంట్లోవాళ్లు కాబట్టి భరించారు, జీతం మీద బతికే మనిషిని అలా అడగడం తప్పు. స్వభావం కంటే నేను చూసేది నిలకడ. ఇవాళ ఒక మాట, రేపు ఒక మాట ఉండకూడదు.

హోస్ట్: మీరు చూసినవాళ్లలో ఎవరైనా?

అతిథి: మా దగ్గర ఒకావిడ ప్రింటింగ్ ప్రెస్ నడుపుతారు. పెళ్లి కార్డులు, బిల్లు బుక్కులు. శనివారం సాయంత్రం జీతాలప్పుడు వర్కర్లు అడ్వాన్స్ అడిగేవాళ్లు. ఆవిడది జాలిగుండె, ఏడ్చినవాళ్లకి ఇచ్చేసేవారు. ఏడవనివాళ్లకి దక్కేది కాదు. ఎక్కడా రాసేవారు కాదు. లోపల లోపల గొణుగుడు, మంచి మెషిన్‌మ్యాన్ ఒకతను మానేశాడు కూడా. తర్వాత ఆవిడే ఒక నియమం పెట్టారు. ఎవరైనా సగం నెల జీతం దాకా తీసుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు, నోట్‌బుక్‌లో సంతకం పెట్టాలి, నాలుగు వాయిదాల్లో కోత. ఇప్పుడు తీసుకునేవాడు తలవంచుకోనక్కర్లేదు. ఆవిడకి శనివారం టెన్షన్ కూడా పోయింది.

హోస్ట్: ఏడుపుతో పనిలేకుండా పోయింది. కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లు మీ దగ్గరికి వస్తే ముందు ఏం చెబుతారు?

అతిథి: సేవా కార్యక్రమాల సంగతి తర్వాత, నీకు సరుకిచ్చిన చిన్నవాడికి టైముకి డబ్బివ్వు అంటాను. పండక్కి అన్నదానం చేస్తారు, కానీ అట్టపెట్టెలు తయారుచేసి ఇచ్చినవాడిని ఆరు నెలలు తిప్పుతారు. ఆ ఆరు నెలలూ వాడు వడ్డీకి తెచ్చి కూలీలకు ఇస్తాడు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. చిన్న పరిశ్రమల కోసం 2006లో వచ్చిన ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న తయారీదారులకు 45 రోజులు దాటకుండా చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, గడువు దాటితే డబ్బు నిజంగా కట్టే దాకా ఆ ఖర్చుని ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోవడానికీ లేదు. అప్పటి నుంచి మా క్లయింట్లు కొందరు మార్చి నెలాఖరున పరుగున వచ్చి పాత బాకీలు తీరుస్తున్నారు.

హోస్ట్: పన్ను భయంతోనైనా తీరుస్తున్నారు కదా.

అతిథి: తీరుస్తున్నారు. కానీ మార్చిలో ఇచ్చేది నవంబర్‌లోనే ఇస్తే ఆ పెట్టెలవాడు వడ్డీకి వెళ్లేవాడు కాదు. మన శ్రోతల్లో వ్యాపారం చేసేవాళ్లు ఈ రాత్రే తాము ఇవ్వాల్సిన బాకీల లిస్ట్ తీసి చూడండి. అందులో అందరికంటే చిన్నవాడి పేరు ఎన్నాళ్ల నుంచి ఉందో చూసి, రేపు ముందు అతనికి చెల్లించండి.