ముందు లేచి తిను

శ్రోతలందరికీ నమస్కారం, వందనాలు. బలహీనతలో దేవుడిచ్చే బలం గురించి ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు, నాకేమో ఒక రాగి జావ గిన్నె గురించి చెప్పాలని ఉంది. నా మటుకు నాకు రెండూ ఒకటే, ఎట్లనో వినండి.

2006లో మన సీమలో చికున్‌గున్యా వచ్చింది కదా, మా కడప వీధిలో మంచం పట్టని ఇల్లు లేదు. చికెన్ తింటే వస్తుందని కోడిని ముట్టడం మానేసినోళ్లు కూడా ఉన్నారు, పాపం కోళ్లు ఏం చేసినాయి! అది పగటిపూట కుట్టే దోమతో వస్తుంది, కొళాయి రోజూ రాదని మనం డ్రమ్ముల్లో తొట్లల్లో పట్టి పెట్టుకుంటామే, ఆ నీళ్లలోనే ఆ దోమ పుడుతుంది. చికున్‌గున్యా అన్న పేరు ఆఫ్రికాలో మకోండే అనే భాషలోది, వంగిపోవడం అని అర్థం. పేరు పెట్టినోడెవరో నన్ను చూసే పెట్టినాడేమో అనుకున్యా.

జ్వరం నాలుగు రోజుల్లో పోయింది గానీ కీళ్ల నొప్పులు పోలేదు. జడ వేసుకోలేను, కొళాయి తిప్పలేను, బైబిల్లో పేజీ తిప్పుదామంటే బొటనవేలు మాట వినదు. సండే స్కూల్లో పాతికమంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టేదాన్ని, ఎవరింట్లో ఒంట్లో బాగలేకపోయినా క్యారియర్ పట్టుకోని ముందు నేనే పోయేదాన్ని, అట్లాంటిది గోడ పట్టుకోని బాత్రూంకి పోవాల్సి వచ్చింది. ప్రార్థన చేద్దామంటే "అయ్యా" అన్న మాట దాటి ముందుకు పోదు.

చూడను వచ్చినోళ్లంతా మంచోళ్లే. ఒకామె మాత్రం "విశ్వాసం తగ్గింది అక్కా, అందుకే" అనింది. బైబిల్లో అంత గొప్ప భక్తుడు పౌలుకే శరీరంలో ముల్లు లాంటి బాధ ఉండె, తీసెయ్యి ప్రభువా అని మూడుసార్లు వేడుకున్యాడు, తియ్యలేదు. "నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది" అని మాట మాత్రం ఇచ్చినాడు. మరి పౌలుకు కూడా విశ్వాసం తగ్గిందా అని ఆమెను అడగాల్సింది, అడిగే ఓపిక లేకపాయె.

ఆ రోజు మధ్యాన్నం పక్కింటి ముస్లిం ఆమె వచ్చింది, ఖాలా అని పిలుస్తాం, అంటే పిన్ని. చేతిలో గిన్నె, దాంట్లో రాగి జావ, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ సన్నగా తరిగి వేసి. "వద్దులే ఖాలా, నీకెందుకు శ్రమ" అన్యాను. "నీ వద్దు ఎవరడిగినారు, నోరు తెరువు మే" అనింది. గ్లాసు పట్టుకుందామంటే నా వేళ్లు ముడుచుకోలేదు, జారిపోబాయె, ఆమె ఒక చేత్తో నా గడ్డం పట్టుకోని ఇంకో చేత్తో గ్లాసు పెదాలకి ఆనించి చిన్నగా తాగించింది. కొంగుతో మూతి తుడిచింది. కడప బండల మీద చాప పరిచి, పడుకో, సాయంత్రం మళ్లీ తెస్తా అని పోయింది. ఒక్క వాక్యం చెప్పలేదు, ప్రార్థన చెయ్యలేదు. నేను వద్దన్నది కూడా ఆమె శ్రమ చూసి కాదండి, ఉన్నమాట చెప్తున్నా, పెట్టడం అలవాటైన చేతికి చాచడం నామోషీ.

కళ్లు మూసుకుంటే ఏలీయా ప్రవక్త గుర్తొచ్చినాడు. బైబిల్లో మొదటి రాజుల గ్రంథం 18, 19 అధ్యాయాలు. కర్మెలు కొండ మీద బయలు అనే దేవత తరఫు 450 మంది ప్రవక్తల ఎదురుగా ఒక్కడే నిలబడి, ప్రార్థన చేసి ఆకాశం నుంచి అగ్ని దింపినోడు, ఆ ఊపులోనే అహాబు రాజు రథం ముందర యెజ్రెయేలు దాకా పరుగెత్తినోడు. అట్లాంటోడికి యెజెబెలు రాణి ఒక్క కబురు పంపింది, రేపు ఈపాటికి నీ ప్రాణం తీయిస్తా అని. అంతే, లేచి పరుగు. బెయేర్షెబా దాకా పోయి దాసుణ్ణి కూడా అక్కడే వదిలేసి ఒంటరిగా ఎడారిలోకి ఒక రోజు ప్రయాణం చేసి చెట్టు కింద కూలబడి "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. మన బైబిల్లో దాన్ని బదరీవృక్షం అన్నారు, నేను చిన్నప్పుడు మా చేని గట్టు మీద రేగిచెట్టే అనుకునేదాన్ని. నిజానికి అది ఆ ఎడారిలో పెరిగే పొద, నీడ కూడా పల్చగానే ఉంటుంది.

దేవుడు ఏమన్నాడు? ఏమీ అనలేదు. నిద్రపోనిచ్చినాడు. దూత వచ్చి తట్టి "నీవు లేచి భోజనము చేయుము" అన్నాడు. చూస్తే తల దగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ల బుడ్డి. తిన్నాడు, తాగినాడు, మళ్లీ పడుకున్యాడు. ఎన్నిసార్లు చదివినా నేను ఈ మాట దగ్గరే ఆగిపోతా, మళ్లీ పడుకున్యాడు. దూత విసుక్కోలేదు. రెండోసారి తట్టి, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, లేచి తిను అన్నాడు. ఆ తిండి బలంతో 40 పగళ్లు 40 రాత్రులు నడిచి హోరేబు కొండకి చేరినాడు. ఇక్కడ నీకేం పని ఏలీయా అని దేవుడు అడిగింది అక్కడ, అంత తిని, అంత నిద్రపోయి, అంత నడిచినాక.

ఖాలాకి ఈ సంగతి తర్వాత చెప్తే నవ్వింది. వాళ్లు ఆయన్ని ఇల్యాస్ అంటారంట. నా కీళ్లు మామూలు కావడానికి నెలలు పట్టింది, ఇప్పటికీ ముసురు పట్టిందంటే వేళ్లు గుర్తుచేస్తాయి.

టైం అయిపోయిందని అద్దం అవతల నుంచి చెయ్యి ఊపుతున్నారు. ఒక్కటే చెప్పి లేస్తా. మీ వీధిలో ఎవరైనా జ్వరం పడి లేచి ఆదివారం గుడికి రాలేదనుకోండి, ఫోన్లో వాక్యం పంపే ముందు తిన్నావా అని అడగండి. గిన్నె తీసుకోని పోతే మాత్రం, మూత గట్టిగా బిగించి ఇచ్చి రావద్దు. ఆ చేతులకి అది ఊడి రాదు.