మంచు తెలుపు, కాగితం తెలుపు

అందరికీ నమస్కారం.

నలుపు తెలుపు ల్యాండ్‌స్కేప్ ఫొటోల ప్రదర్శన పెట్టాలనుకునేవారు ఫొటోగ్రాఫర్ మైఖేల్ కెన్నా ప్రింట్లు చూడాలి. 1953లో ఇంగ్లండ్‌లోని విడ్నెస్‌లో పుట్టిన ఈయన, జపాన్‌లోని హొక్కైడో శీతాకాలాన్ని చదరపు ఫ్రేముల్లో తీశారు. మంచులో ఒక చెట్టు, లేదంటే నాలుగు కంచె గుంజలు, అంతే. ప్రింటు కూడా జానెడే, సుమారు 20 సెంటీమీటర్లు.

ఇంత తక్కువ ఉన్న బొమ్మలో కష్టమంతా తెలుపుతోనే. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు దేన్ని చూసినా మధ్యస్థ బూడిద అనుకుంటుంది. దాని మాట వింటే మంచు మురికిగా వస్తుంది. వెలుతురును ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు పెంచండి (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు). ఇంకా పెంచితే గాలి గీసిన చారలు చెరిగిపోయి ఒట్టి కాగితం మిగులుతుంది.

బొమ్మలో నీళ్లుండి, అలలు మాయం కావాలంటే 10 స్టాపుల ఎన్‌డి ఫిల్టరు కావాలి. ఇది వెలుతురును తగ్గించే నల్లటి అద్దం. ఫోకస్ ముందే చేసుకోండి, ఫిల్టరు బిగించాక ఏమీ కనబడదు. దాంతో సెకనులో 15వ వంతు ఎక్స్‌పోజరు, అంటే వెలుతురు తాకే సమయం, 68 సెకన్లవుతుంది. డిజిటల్‌కి అది చాలు. ఫిల్మ్‌ మాత్రం ఎక్కువసేపు వెలుతురు తాకేకొద్దీ మందగిస్తుంది. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు తెలుపు ఫిల్మ్‌కి కంపెనీ ఇచ్చిన సూత్రం ప్రకారం సెకన్లను 1.31 ఘాతానికి పెంచాలి. అంటే ఆ 68 సెకన్లు నాలుగు నిమిషాలు దాటుతాయి. ఇది మరిస్తే నెగటివ్‌లో నీడలు ఖాళీ. ఇసుకలో ట్రైపాడ్ కాళ్లను ముందే గట్టిగా దిగేయండి, మధ్యలో కుంగితే మళ్లీ మొదటికే.

ఇక ఫిల్మ్ నుంచి ప్రింటు తీసే చీకటిగది, డార్క్‌రూమ్. మంచు, కాగితపు అంచుకంటే పిసరంత ముదురుగా కనబడే సమయాన్ని టెస్ట్ స్ట్రిప్‌తో (వేర్వేరు సమయాలు పరీక్షించే కాగితపు ముక్కతో) పట్టుకోవాలి. దాన్ని తడిమీద చూసి నిర్ణయించకండి. ముఖ్యంగా ఫైబర్ కాగితం (ప్లాస్టిక్ పూత లేని ఫొటో కాగితం) ఆరాక ముదురుతుంది, తడిలో మెరిసిన మంచు తెల్లారేసరికి మసకబారుతుంది. స్ట్రిప్‌ని ఆరబెట్టి చూసి, ఆ మేరకు ఎక్స్‌పోజరు తగ్గించండి, చాలాసార్లు 5 నుంచి 10 శాతం. డిజిటల్‌లో అయితే (అక్కడ నలుపు 0, పూర్తి తెలుపు 255) మంచు 255ని తాకకుండా 240 దగ్గర ఆగాలి. ఖాళీ ఆకాశంలో సెన్సరు మీది దుమ్ము నల్లచుక్కలై బయటపడుతుంది, ఎపర్చరు (లెన్సు రంధ్రం) బాగా చిన్నదైన ఎఫ్16 దగ్గర మరీను. ఫైలును 100 శాతానికి పెంచి మూలమూలా వెతకాల్సిందే.

గోడమీద పెట్టేటప్పుడు ఎక్కువమంది మౌంటు బోర్డు (ఫ్రేములో ప్రింటు చుట్టూ ఉండే అట్ట) దగ్గర దెబ్బతింటారు. మిలమిల మెరిసే తెల్లబోర్డు పక్కన ప్రింటులోని మంచు వెలవెలబోతుంది. కాస్త మీగడరంగు బోర్డు తీసుకోండి. దీపాన్ని నిట్టనిలువుకు 30 డిగ్రీల వాలులో పెడితే అద్దం మీద మెరుపు తగ్గుతుంది. ప్రింటు మధ్యభాగం నేలకు సుమారు 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. రెండు ప్రింట్ల మధ్య కనీసం ఒక ఫ్రేము వెడల్పు వదలండి. హాలు పెద్దదని ప్రింట్లను మీటరుకు పెంచడం మాత్రం నాకు నచ్చదు. దానికంటే ఫ్రేములు తగ్గించడం మేలు.