నాన్నగారి జేబు మీది రిబ్బన్లు

అందరికీ నమస్కారం. ఇంట్లో పాత మిలిటరీ ఫొటోలుంటే పట్టుకు రమ్మన్నాను, చాలామందే తెచ్చారు. ఒంటి మీదున్నవాటిని బట్టి ఫొటో ఎప్పటిదో ఎలా పట్టుకోవచ్చో, మీవి చూసే ముందు నా దగ్గరున్న ఒకదాంట్లో చూపిస్తాను.

తెర మీద చూడండి. స్టూడియో కుర్చీలో నిటారుగా కూర్చున్న మనిషి. చేతి మీద మూడు ఫీతీలు, అంటే హవల్దారు. రెండుంటే నాయక్, ఒకటే ఉంటే లాన్స్ నాయక్. ఫొటో వెనక సిరాతో 1942 అని రాసి ఉంది. "మా నాన్న బర్మా వెళ్లే ముందు తీయించుకున్నారండీ" అని చెప్పారు ఇచ్చినావిడ.

నేను భూతద్దం పెట్టి ఎడమ జేబు పైన వెతికాను. రెండు రిబ్బన్లున్నాయి, అంటే మెడల్స్‌కి గుర్తుగా పెట్టుకునే చారల పట్టీలు. మొదటిదాంట్లో సమానంగా మూడు చారలు. రెండోదాంట్లో నడుమ వెడల్పాటి చార, అటూ ఇటూ ఉన్న పట్టీల్లో ఒక్కో సన్న గీత. అది బర్మా స్టార్, బర్మా యుద్ధంలో పనిచేసినవాళ్లకి ఇచ్చిన మెడల్! ఆ మెడల్‌ని ప్రకటించిందే 1945 మేలో. కాబట్టి ఇది ఆయన వెళ్లే ముందు తీసినది కాదు, యుద్ధం చూశాక తీసినది. ఆ మాట వినగానే ఆవిడ ఫొటో మళ్లీ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. మరి వెనక ఉన్న 1942? బహుశా ఆయన పటాలంలో చేరిన ఏడు. ఇంట్లో ఎవరో తర్వాత గుర్తుచేసుకుని రాసి ఉంటారు. అందుకే నేను వెనక రాతను చివర్న చదువుతాను.

రిబ్బన్ల దగ్గర ఒక చిక్కుంది. బ్లాక్ అండ్ వైట్‌లో రంగులు మోసం చేస్తాయి. పాతకాలపు ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము మీద ఎరుపు నల్లగా పడుతుంది, నీలం తెల్లబోతుంది. అందుకని నలుపా తెలుపా అని చూడకుండా చారలు ఎన్ని, ఏది ఎంత వెడల్పు అని చూసుకోండి.

ఆఫీసర్ల ఫొటోలైతే పని సులువు. మేజరు భుజం మీద కిరీటం ఉంటే దాదాపుగా 1950 జనవరి 26కి ముందుది. మన దేశం రిపబ్లిక్ అయ్యాక కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి.

ఇక మన వాళ్లు తరచూ బోల్తాపడే చోటు చెప్తాను. భుజం మీది ఇత్తడి అక్షరాల్లో హైదరాబాద్ అని ఉంటే "మా తాత నిజాం సైన్యంలో చేశాడు" అనేస్తారు. తొందరపడకండి. బ్రిటిష్ ఇండియా సైన్యంలో 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని ఒకటుండేది. ఒకప్పుడు నిజాం ఖర్చుతో బ్రిటిష్ ఆఫీసర్లు నడిపిన దళం నుంచి వచ్చిన పేరది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అందులో ఎక్కువమంది ఉత్తరాది వాళ్లే: కుమావూ కొండల వాళ్లు, జాట్లు, అహీర్లు. 1945 అక్టోబరు 27న దాని పేరే కుమావూ రెజిమెంట్‌గా మారింది. అలాగని ఆ అక్షరాలున్న ప్రతి ఫొటో ఆ తేదీకి ముందుదేనని కూడా అనలేం. పేరు కాగితం మీద ఒక్క రోజులో మారుతుంది, సిపాయి భుజం మీది ఇత్తడి మారడానికి స్టోర్లోంచి కొత్తది రావాలి కదా. పాత వస్తువు ఎన్నాళ్లయినా వాడతారు. కొత్తది మాత్రం పుట్టకముందు ఎవరూ తొడుక్కోలేరు. ఒంటి మీద ఉన్నవాటన్నిటిలో చివర పుట్టింది ఏదో పట్టుకోండి, ఫొటో అంతకు ముందుది కాదు.

మెడల్స్ ఫొటోలోని మనిషికి ఎడమవైపు కాక కుడివైపు కనబడితే కంగారుపడకండి. చొక్కా గుండీలు చూడండి. అవీ తిరగబడి ఉంటే నెగెటివ్‌ని తిప్పి ప్రింటు వేశారన్నమాట. గుండీలు సరిగ్గానే ఉంటే, చనిపోయిన తండ్రి మెడల్స్‌ని కొడుకు పెట్టుకున్నాడేమో ఆలోచించాలి. అలా పెట్టుకునేవాళ్లు కుడివైపే పెట్టుకుంటారు.

సరే, ముందు వరుసలో అమ్మా, మీరు ఇవ్వండి. అయ్యో, ఫ్రేములోంచి లాగకండి! ఇన్నేళ్లకి అద్దానికి అంటుకుపోయి ఉంటుంది, లాగితే మొహమే ఊడొస్తుంది. అలాగే ఇవ్వండి, అద్దం మీంచే చూద్దాం.